పాము ఒప్పుకోదు

ఆర్విడ్ టుయోమినెన్‌కు ఒకే ఒక పట్టుదల ఉండేది. ఇల్లయినా, పెట్టె అయినా, కుర్చీ అయినా, అందులో ఉండబోయే ప్రాణి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు తన తల దించి చూడనిదే, ఆయన దానిని బాగుందని ఒప్పుకునేవాడు కాడు. చూశాక కూడా సాధారణంగా ఒప్పుకునేవాడు కాడు. అయితే ఆ కాదనడం ఎన్నడూ తన పేరు మీద ఉండేది కాదు. "నాకు నచ్చలేదు" అన్న మాట ఆయన నోట, అమెరికా ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డునున్న డులూత్ నగరంలో ఎవరూ విని ఎరుగరు. "కుక్క ఒప్పుకోదు" అనేవాడు. "పాప ఒప్పుకోదు" అనేవాడు.

పక్కింటివారు కుక్క కోసం చెక్కగూడు కట్టించినప్పుడు, ఆరడుగుల రెండంగుళాల ఆర్విడ్ దానిలోకి తలనూ ఒక భుజాన్నీ దూర్చాడు. దూరినవి తిరిగి రాలేదు. కుక్క ఎదురుగా కూర్చుని, తన ఇంట్లో అద్దెకు దిగిన ఈ పెద్దమనిషిని ఆసక్తిగా గమనించింది. చివరికి మరలు విప్పి పైకప్పు ఎత్తేశారు. ఆర్విడ్ లోపలి నుంచే ఆకాశం కేసి చూసి, "ఇప్పుడు గాలి బాగా ఆడుతోంది. కానీ వాన వస్తే కుక్క ఒప్పుకోదు" అన్నాడు.

చర్చి హాలులో చేపల విందుకు పసిపిల్లల కుర్చీలు కొత్తగా కొన్నప్పుడూ ఇదే తంతు. ఆయన మోకాళ్లమీద నిలబడి, కుర్చీ ముందరి పళ్లెంబల్ల మీద గడ్డం ఆనించి చూస్తుండగా, వడ్డిస్తున్న ఆమె ఎవరో పరాకున మెదిపిన బంగాళాదుంప పెట్టి వెళ్లిపోయింది. ఆయన దానిని బుద్ధిగా తినేసి, "పాప ఒప్పుకోదు. దీపం సరిగ్గా కళ్లలో పడుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరువాత దీపం జరిపారు. జరిపిన మాట మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇంతకూ ఆయన మెచ్చుకోలుకు ఒకే మాట ఉండేది: "ఫరవాలేదు." దీనిని ఆయన పిసినారితనం అనుకోకూడదు. ఆ ఊళ్లో అంతకు మించిన పొగడ్త లేదు. పెళ్లిపీటల మీద కూతుర్ని చూసినా, సరస్సు మీద సూర్యోదయాన్ని చూసినా అక్కడివారు అనేది అదే.

ఆర్విడ్ ముప్ఫై ఏళ్లపాటు నగరపాలక సంస్థలో తాగునీటి పరీక్షలు చేసి, ఉద్యోగ విరమణ తరువాత, విషం లేని, కొండచిలువలాంటి బోవా పాములను పెంచుతున్నాడు. ఈ పాములు గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. పుట్టిన పిల్లలను ఆయన ఊళ్లోని పాములు పెంచేవారి సంఘంవారికి ఇచ్చేవాడు. అయితే పిల్ల ఉండబోయే పెట్టె తాను చూడాలి, అందులో తల పెట్టాలి, పాము ఒప్పుకోవాలి.

ఆ ఏడాది పుట్టిన పిల్లలలో అన్నీ వెళ్లిపోయి ఒక్కటి మిగిలింది. మూర కంటే కొంచెం పొడవు, తోక దగ్గర ఇటుకరంగు మచ్చలు. దానిని కోరుకున్నది మార్లిస్ హెగ్డాల్.

మార్లిస్ పియానోలకు శ్రుతి చేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరందరి అపస్వరాలూ వినడమే ఆమె వృత్తి. ఇంటికి వచ్చాక మొరగనిది, అరవనిది, మ్యావ్ అననిది, పంజరంలో ఈల వేయనిది కావాలి. సంఘం సమావేశంలో ఆ బోవా పిల్ల ఆమె మణికట్టుకు చుట్టుకుని, నాలుక రెండుసార్లు ఆడించి, మరేమీ మాట్లాడకుండా ఉండిపోయింది. నలభై ఆరేళ్ల జీవితంలో ఇంత మంచి సంభాషణ తాను ఎవరితోనూ జరపలేదని మార్లిస్‌కు అనిపించింది.

"నాకు ఇది కావాలి" అంది. ఆ ఊరి మనిషి ఇంత సూటిగా కావాలనడం అరుదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"హిబ్బింగ్ ఊళ్లో ఒక పళ్ల డాక్టరు కూడా అడిగాడు" అన్నాడు ఆర్విడ్. "మంచు పడేలోగా మీ పెట్టె సిద్ధమైతే మీకు. లేకపోతే ఆయనకు. మంచు పడ్డాక నేను పిల్లను బయటికి తియ్యను."

అప్పటికి అక్టోబరు మొదలైంది. సరస్సు మీది గాలికి అప్పుడే పళ్లు మొలుస్తున్నాయి.

మార్లిస్ పెల్కీ గారింటి మేడమీద అద్దెకుండేది. తొలి తనిఖీకి ఆమె పెద్ద గాజుపెట్టె తెచ్చి, వెనుక అడవి బొమ్మ అంటించి, ప్లాస్టిక్ తీగలు అల్లి, పాము దాక్కోవడానికి నోరు తెరిచిన పుర్రె ఒకటి, కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి అమర్చింది. ఆర్విడ్‌కు కాఫీ, దాల్చినచెక్క కేకు కూడా సిద్ధం చేసింది.

"కేకు తీసుకోండి."

"అబ్బే, వద్దు."

"చిన్న ముక్క."

"మీకెందుకు శ్రమ."

"కోసేశాను."

"కోసేశారు గనక తీసుకుంటా."

మూడోసారి చెప్పేదాకా ఒప్పుకోకపోవడం ఆ ఊరి మర్యాద. ఆ మర్యాద తీరాక ఆర్విడ్ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, నేలమీద బోర్లా పడుకుని, పెట్టె ముందు తలుపులోంచి మెడదాకా దూరాడు. చాలాసేపు కదలలేదు.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగింది మార్లిస్.

"మీరు."

"నేను బయట ఉన్నాను కదా!"

"అదే చిక్కు. ఎడమన మీరు, కుడిన కిటికీ, వెనక పియానో, నెత్తిన దీపం. నాలుగు వైపులా గాజు. పాముకు రెప్పలు ఉండవు, మార్లిస్. చూడ్డం ఇష్టం లేకపోతే కళ్లు మూసుకోలేదు."

"దాక్కోవడానికి పుర్రె ఉందిగా?"

"పుర్రెలో నా పిడికిలి తిరుగుతోంది. ఒళ్లు చుట్టూ గోడలకు తగిలితేనే దానికి ధైర్యం. ఇది కల్యాణమండపం. ఇంత చిన్న పిల్ల ఇందులో దాక్కోదు, తప్పిపోతుంది."

"ఆ రాయి మాత్రం మంచిదని దుకాణంవాడు చెప్పాడు."

"దానిమీద గడ్డం ఆనించాను."

"ఎలా ఉంది?"

"కాలింది. నేను గడ్డం తీసేశాను. అది పొట్ట తియ్యకపోవచ్చు. రాయి వేడెక్కడమే గానీ, ఎంత వేడెక్కాలో చెప్పేవాడు దానికి లేడు." మెడ ఒక పక్కకు తిప్పుకుని నిట్టూర్చాడు. "పాము ఒప్పుకోదు. నమ్మకపోతే మీరూ వచ్చి చూడండి."

మార్లిస్ సంకోచించింది. కానీ పిల్ల కావాలి. ఆమె కూడా బోర్లా పడుకుని పక్కనుంచి తల దూర్చింది. లోపలి నుంచి చూస్తే తన గది తనకే సంతలా కనిపించింది. సరిగ్గా అప్పుడే, దబ్బున చప్పుడైందని ఇంటాయన పెల్కీ పైకి వచ్చి తలుపు తోశాడు. నేలమీద ఇద్దరు మనుషులు, గాజుపెట్టెలో రెండు తలకాయలు.

"ఏమ్మా మార్లిస్, అంతా బాగుందా?" అన్నాడు.

"ఫరవాలేదండీ" అంది మార్లిస్, పెట్టెలోంచి.

పెల్కీ తృప్తిగా తలూపి దిగిపోయాడు. అద్దెకున్నవారు సుఖంగా ఉంటే ఆయనకు అంతే చాలు.

రెండో తనిఖీ నాటికి మార్లిస్ తన వృత్తిలోని ఓర్పంతా ఆ పెట్టె మీద పెట్టింది. మూడు వైపులా మందమైన గోడలు, ముందు మాత్రం జరిపే గాజు తలుపులు, వాటికి తాళం. అడుగున కొబ్బరిపొట్టు, అరచేత పిండితే ముద్దకట్టి నీరు కారనంత తడి. రెండు చివరలా ఇరుకైన గూళ్లు రెండు, వెచ్చదనమో ధైర్యమో ఒక్కదానినే ఎంచుకోవలసిన గతి పాముకు పట్టకుండా. ఎక్కడానికి ఒక కొమ్మ, మునగడానికి ఒక గిన్నె. పైన వేడి పలక, దాని చుట్టూ వల, దానిని అదుపుచేసే థర్మోస్టాట్. జ్వరం చూసే డిగ్రీలలో చెప్పాలంటే, ఒక చివర ఎనభై తొమ్మిది, రెండో చివర డెబ్భై తొమ్మిది.

ఆర్విడ్ మూడుసార్లు బతిమాలించుకుని కేకు తిని, తల దూర్చాడు.

"ఏం కనిపిస్తోంది?"

జవాబు రాలేదు. మార్లిస్ వంగి చూసింది. ఆర్విడ్ నిద్రపోతున్నాడు. ఆ నిద్రకంటే పెద్ద యోగ్యతాపత్రం ఉండదని ఆమె గుండె నిండింది. పిల్ల తనదే!

మెలకువ రాగానే ఆయన తల బయటికి తీశాడు. కానీ లేవలేదు. ఉన్నచోటే వెల్లకిలా తిరిగి, గోడవారనున్న, వేడినీటితో గదిని వెచ్చబరిచే రేడియేటరు మీద చెయ్యి వేశాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా నిమిరాడు. తరువాత కళ్లు మంచం వైపు తిప్పాడు. మంచం మీద మూడు బొంతలు, దిండు మీద ఒక ఉన్ని టోపీ. మార్లిస్ చటుక్కున టోపీని దిండు కిందికి తోసింది. ఆయన టోపీ ఊసెత్తలేదు.

"పాము ఒప్పుకోదు" అన్నాడు.

"ఎందుకు ఒప్పుకోదు? లోపల ఎనభై తొమ్మిది ఉంది! మీరు గురకపెట్టారు!"

"లోపల బ్రహ్మాండం. కానీ తలుపు తీసిన ప్రతిసారీ ఈ గది లోపలికి వస్తుంది. గది అరవై కూడా లేదు. డెబ్భై ఉండాలి."

"దానికి ఒక చొక్కా కుడతాను."

"చేతులు ఉండవు, జారిపోతుంది. ఇంటాయన్ని అడగండి."

మార్లిస్ మొహం పాలిపోయింది. "గదికేమైంది? నాకు ఏమీ చలి లేదు."

"మీ సంగతి నేను అడగలేదు" అన్నాడు ఆర్విడ్ లేస్తూ. "వచ్చే వారం మంచు అంటున్నారు. ఆ డాక్టరు గారి గది డెబ్భై రెండు."

ఇంటాయన్ని అడగమనడం సులభం. ఆ ఊళ్లో పెరిగినవారికి అది పళ్లు పీకించుకోవడం కంటే కష్టం. మూడేళ్లుగా ప్రతి శరత్తులోనూ పెల్కీ మెట్లకింద నిలబడి, "వెచ్చగా ఉందామ్మా?" అని అడిగేవాడు. ప్రతిసారీ ఆమె, కోటు గుండీలు పెట్టుకుంటూనే, "ఫరవాలేదండీ" అనేది. ఇప్పుడు చలి అంటే, అప్పుడన్నదంతా అబద్ధమని ఒప్పుకున్నట్టే. అంతకంటే కోటు వేసుకుని పడుకోవడం మర్యాద. పొద్దున్నే వేళ్లు కొయ్యబారి, మొదటి పియానో దగ్గర చేతులు చంకల్లో పెట్టుకుని వేడిచేసుకోవలసి వచ్చేది. అదీ ఫరవాలేదు.

రెండు రోజులు ఆమె మెట్లు దిగి, పెల్కీ తలుపు కొట్టకుండా ఎక్కి వచ్చేసింది. మూడో రోజు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. హిబ్బింగ్‌లో ఎవరో పళ్ల డాక్టరు, పళ్లు తొలిచే మర మోతల నడుమ, ఆ మౌనప్రాణిని గాజు వెనుక పెట్టుకున్నట్టు కళ్లకు కట్టింది. మార్లిస్ తలుపు కొట్టింది.

"పెల్కీ గారూ, చిన్న సంగతి. నా గురించి కాదు."

"మరెవరి గురించమ్మా?"

"పాము గురించి."

పెల్కీ ఆలోచించాడు. "అది ఇంకా రాలేదు కదా?"

"రాలేదు. వస్తే చలేస్తుందిట."

"చలేస్తుందా?" పెల్కీ కళ్లు పెద్దవి చేశాడు. "మీ గది ఉడికిపోతోందనుకున్నానే! మొదటి ఏడు అడిగితే ఫరవాలేదన్నారు. అబ్బో, అంత వేడిగా ఉందా అని కాస్త తగ్గించాను. మరుసటి ఏడూ ఫరవాలేదన్నారు. ఇంకాస్త తగ్గించాను. నిరుడు ఏకంగా 'చాలా ఫరవాలేదండీ' అన్నారు. ఉక్కతో మనిషికి ఏమైనా అవుతుందేమోనని భయపడి దాదాపు కట్టేశాను!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తప్పు ఎవరిదో తేల్చుకోబోతే మాటలు చాలా అవసరమవుతాయి గనక, కింద గొట్టం మర విప్పి ఇద్దరూ కలిసి మేడెక్కారు. పెల్కీ తాళంచెవిలాంటిది ఒకటి పెట్టి రేడియేటరు పక్కమర తిప్పాడు. చిక్కుకుపోయిన గాలి బుస్సున బయటికి వచ్చింది.

"అదిగో, మీ పాము" అన్నాడు పెల్కీ.

తరువాత వేడినీరు గొట్టాలలోకి దూసుకొచ్చి టంగుమని మోగింది. ఆ మోత శ్రుతికి రవ్వంత తక్కువగా ఉందని మార్లిస్ గమనించింది. అయినా మూడేళ్లలో ఆమె విన్న ఏ స్వరమూ అంత ఇంపుగా లేదు. మర్నాడు లేచేసరికి మూడు బొంతలూ నేలమీద ఉన్నాయి, టోపీ ఎక్కడుందో తెలియలేదు. మొదటి పియానో దగ్గర వేళ్లు అడగకుండానే కదిలాయి.

మూడో తనిఖీలో ఆర్విడ్ పెట్టెలో తల పెట్టాడు, నేలమీద పడుకున్నాడు, రేడియేటరు నిమిరాడు. తరువాత కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఫరవాలేదు" అన్నాడు.

"సరే" అంది మార్లిస్. ఇద్దరికీ అది చాలా ఎక్కువైపోయి, కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

ఆ మధ్యాహ్నమే ఆమె పిల్లను తెచ్చుకోవడానికి ఆర్విడ్ ఇంటికి వెళ్లింది. పాములు నేలమాళిగలో ఉన్నాయన్నాడు. మెట్లు దిగుతుంటేనే చలి ఆమె చీలమండలు పట్టుకుంది. కింద ఆర్విడ్ కోటు, కండువా, చెవులు మూసే టోపీ వేసుకుని నిలబడ్డాడు. చుట్టూ ఏడు పెట్టెలు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క బోవా, ఎండలో పడుకున్న దొరలా హాయిగా చుట్టలు చుట్టుకుని ఉంది. పెట్టెల లోపల ఎనభై తొమ్మిది. గోడమీద, గది తాలూకు ఉష్ణమాపకంలో, యాభై నాలుగు.

మార్లిస్ ఆ అంకెను రెండుసార్లు చదివింది. చదివి ఆర్విడ్ కేసి తిరిగింది.

"ఈ గది యాభై నాలుగు."

"అవును."

"పిల్ల ఎక్కడ పుట్టింది?"

"ఈ గదిలోనే."

"ఒప్పుకుందా?"

ఆర్విడ్ కండువా సర్దుకున్నాడు. "పెట్టెల చుట్టూ థర్మోకోల్ లాంటి నురుగు పలకలు బిగించాను. అవి ఉంటే గది ఎలా ఉన్నా లోపలి వేడి పోదు."

"నా పెట్టెకూ ఒక పలక బిగిస్తే సరిపోయేదా?"

"సరిపోయేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు పలక బిగించేవారు."

రెండో తనిఖీలో నేలమీద నుంచే ఆయన చూడగలిగిందంతా, తాను ఎంత త్వరగా టోపీ దాచినా దాగనిదంతా, ఒక్కసారి మార్లిస్‌కు తెలిసివచ్చింది. సూటిగా "మీకు చలి వేస్తోంది కదా" అని ఆయన అడిగి ఉంటే మూడుసార్లేమిటి, ముప్ఫైసార్లు అడిగినా తాను ఏమనేదో ఆమెకు బాగా తెలుసు. ఊరందరి కుక్కలూ, పాపలూ కూడా ఇప్పుడు వరసగా గుర్తుకు వచ్చాయి. ఆ చర్చి హాలులో దీపం పాప కళ్లలోనే కాదు, పక్కన కూర్చునే చూపు సరిగాలేని ముసలావిడ కళ్లలో కూడా పడేది.

"పళ్ల డాక్టరు ఏమయ్యాడు?" అని అడిగింది మెల్లగా.

"చేపలు పెంచుకుంటున్నాడు."

"ఎప్పటినుంచి?"

ఆర్విడ్ ఒక పెట్టె తాళాన్ని అవసరానికి మించి పరీక్షించాడు. "జూలై నుంచి."

"ఈ అక్టోబరులో ఆయన పిల్లను అడిగాడన్నారు!"

"అడిగాడన్నాను. ఎప్పుడు అడిగాడో చెప్పలేదు." కొంచెం ఆగి, శాస్త్రం చదివిన మనిషి గనక, సవరించుకున్నాడు. "గది డెబ్భై రెండు అన్నది మాత్రం కల్పన. నేను ఆ ఇంటికి వెళ్లలేదు."

మార్లిస్ నవ్వింది. పిల్లను గుడ్డసంచిలో వేసి, సంచిని తన కోటులోపల, పొట్టకు ఆనించి పెట్టుకుంది. ఆర్విడ్ తన పాత బండిలో వెంట వచ్చాడు, పాము ఇంట్లోకి దిగే ఘట్టం చూడనిదే ఆయనకు నిద్రపట్టదు.

ఆ ఘట్టం చూడటానికి పెల్కీ కూడా పైకి వచ్చాడు. బోవా పిల్ల సంచిలోంచి జారి, కొబ్బరిపొట్టు మీద ఒకసారి నాలుక ఆడించి, తిన్నగా వెచ్చని గూటిలోకి దూరిపోయింది. ఇక తోక కూడా కనిపించలేదు. ముగ్గురూ ఆ ఖాళీ పెట్టెను చాలాసేపు ముచ్చటగా చూశారు.

"మంచి పాము" అన్నాడు పెల్కీ. "అస్సలు కనిపించదు." తరువాత అలవాటుగా, "ఇప్పుడు గది వెచ్చగా ఉందామ్మా?" అన్నాడు.

మార్లిస్ పెదవుల దాకా ఒక మాట వచ్చింది. దానిని మింగి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ఉంది. కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం చలిగాలి కొడుతోంది."

పెల్కీ గూటివైపు చూసి, గొంతు తగ్గించి, "పాముకా?" అన్నాడు.

"కాదు" అంది మార్లిస్. చెవులు కాలిపోతున్నాయి. "నాకు."

పెల్కీ సందులు పూడ్చే మైనం తేవడానికి రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తాడు. ఆర్విడ్ కోటు విప్పి, కిటికీ పక్కనున్న ఆమె కుర్చీలో కూర్చున్నాడు. తన తల ఆమె తల ఉండే ఎత్తుకు వచ్చేదాకా కిందికి కిందికి జారి, మోకాళ్లు దాదాపు గడ్డానికి తగులుతుండగా, కళ్లు మూసుకున్నాడు.

"ఎడమ చెవి దగ్గరా?" అన్నాడు.

"కుడి" అంది మార్లిస్, ఎవరూ బతిమాలకుండానే తనకు తానే రెండో కప్పు కాఫీ పోసుకుంటూ.